మీకు తెలుసా? బండెక్కిన వైర్‌లెస్ సెట్

పోలీసు జీపులో, అంబులెన్సులో, ఫైరింజన్లో, వేటకెళ్లే మరబోటులో స్టీరింగుకు చేరువగా ఓ నల్లటి పెట్టె ఉంటుంది. పక్కనే మెలికల వైరుకు మైకు వేలాడుతుంటుంది. టాపు మీద సన్నటి ఊచ నిలబడి ఉంటుంది. ఇలాంటి సెట్ కొనేటప్పుడు చాలామంది ఎన్ని వాట్లు, ఎన్ని చానళ్లు అనే అడుగుతారు. నిజానికి మాట ఎంత దూరం పోతుందో, అవసరం పడ్డ రోజున సెట్ పలుకుతుందో లేదో తేల్చేది బిగింపు. పెట్టె ఎక్కడ పెట్టారు, కరెంటు ఎక్కణ్నుంచి తెచ్చారు, యాంటెనా ఎక్కడ నిలబెట్టారు అన్నవే అసలు ప్రశ్నలు. ఆ సంగతులే ఈసారి.

మొదట్లో వినడమే, చెప్పడం లేదు

అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు 1928 ఏప్రిల్ 7న తమ కార్లకు రేడియోలో కబురు పంపడం మొదలుపెట్టారు. కార్లలో ఉన్నవి వినే సెట్లు మాత్రమే. స్టేషన్ నుంచి వచ్చిన ఆదేశం విని బయల్దేరడం వరకే వాటితో పని. తిరిగి ఏదైనా చెప్పాలంటే దారిలో ఎక్కడైనా ఫోన్ వెతుక్కోవాల్సిందే. కారులోంచే బదులు చెప్పే ఏర్పాటు 1933లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బయోన్ పట్టణ పోలీసులకు అందింది. అప్పటినుంచి గస్తీ బండి ఆదేశాలు అందుకోవడంతో ఆగిపోకుండా, కళ్లముందు జరుగుతున్నది అప్పటికప్పుడే చెప్పగలిగింది.

ఇంజిన్ రొదను ఓడించిన ఎఫ్‌ఎం

పాత కార్ల సెట్లకు పెద్ద శత్రువు ఆ కారు ఇంజిన్ స్పార్క్‌ప్లగ్గే. అది మెరిసినప్పుడల్లా స్పీకర్లో చిటపటలు వినిపించేవి. అప్పటి ఏఎం సెట్లు తరంగం బలంలోని హెచ్చుతగ్గుల్నే మాటగా మార్చేవి కాబట్టి స్పార్కు రొద కూడా మాటతోపాటే లోపలికి వచ్చేది. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్ పొందిన ఎఫ్‌ఎం పద్ధతిలో సెట్ ఫ్రీక్వెన్సీ మార్పుల్నే పట్టించుకుంటుంది. బలంలోని తేడాల్ని కత్తిరించి పారేస్తుంది. 1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసుల కోసం డేనియల్ నోబుల్ ఇదే పద్ధతిలో రెండువైపులా మాట్లాడుకునే కారు సెట్ల వ్యవస్థ తయారుచేశారు. ఆ తరవాత రోడ్డు మీది వాహనాల సెట్లు ఎక్కువగా ఎఫ్‌ఎం బాటే పట్టాయి.

36 కిలోల కారు ఫోన్

1946 జూన్ 17న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఒక కారు నుంచి మామూలు టెలిఫోన్‌కు కాల్ కలిపారు. ఆ పరికరాల బరువు దాదాపు 36 కిలోలు. అందులోనూ మాట్లాడేటప్పుడు మీట నొక్కాలి, వినేటప్పుడు వదలాలి. నేటి వాహనపు సెట్ ఒకటి రెండు కిలోలకు దిగింది. మీట నొక్కి మాట్లాడే పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లందరూ ఏకకాలంలో వినే సౌకర్యం దీనికుంది. ప్రమాద స్థలంలో పది బండ్లకు ఒకే మాట ఒక్కసారే చెప్పాల్సి వచ్చినప్పుడు ఇంతకన్నా వేగమైన దారి మరొకటి లేదు.

వాట్లు పదింతలు, దూరం పదింతలు కాదు

చేతిలో పట్టుకునే సెట్, అంటే మన పోలీసులు మ్యాన్‌ప్యాక్ అని పిలిచేది, దాదాపు 5 వాట్లతో పనిచేస్తుంది. బండిలో బిగించే సెట్ 25 నుంచి 50 వాట్ల వరకు ఇస్తుంది. అంతమాత్రాన దూరం పదింతలు కాదు. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే వెళతాయి. భూమి వంపు అడ్డుపడుతుంది. యాంటెనా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో అంచు కిలోమీటర్లలో వస్తుంది. 2 మీటర్ల ఎత్తుకు అది దాదాపు 6 కిలోమీటర్లు. అంటే మైదానంలో రెండు కార్ల మధ్య లెక్క ప్రకారం 12 కిలోమీటర్ల లోపే. ఊళ్లో భవనాలూ చెట్లూ దాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఎక్కువ వాట్లు ఆ అడ్డంకుల్ని కొంత ఛేదిస్తాయి, మాటను స్పష్టం చేస్తాయి. అంచును దాటించేది మాత్రం ఎత్తే.

కొండ మీది రిపీటర్

అందుకే రిపీటర్లను కొండల మీద, ఎత్తైన టవర్ల మీద పెడతారు. 300 మీటర్ల ఎత్తున్న యాంటెనాకు రేడియో అంచు సుమారు 71 కిలోమీటర్లు. బండి సెట్ ఒక ఫ్రీక్వెన్సీలో మాట పంపుతుంది, రిపీటర్ దాన్ని అందుకుని అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో తిరిగి వెదజల్లుతుంది. ఒకరికొకరు అందనంత దూరంలో ఉన్న రెండు బండ్లు దాని పుణ్యమా అని మాట్లాడుకుంటాయి. మరి రిపీటరే కూలిపోతే? చాలా వాహనపు సెట్లలో దాన్ని పక్కనపెట్టి బండి నుంచి బండికి నేరుగా మాట్లాడుకునే ఏర్పాటు ఉంటుంది. సిబ్బందికి ముందే నేర్పాల్సిన మొదటి బటన్ ఇది.

ఊచ పొడవు చెప్పే రహస్యం

బండి మీది ఊచను చూసి అది ఏ ఫ్రీక్వెన్సీ సెట్టో అంచనా కట్టొచ్చు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే అర మీటరు ఊచ, వీహెచ్‌ఎఫ్ సెట్‌కు సరిపోతుంది. 450 మెగాహెర్ట్జ్ యూహెచ్‌ఎఫ్ సెట్‌కు 16, 17 సెంటీమీటర్లు చాలు. విదేశాల్లో లారీ డ్రైవర్లు వాడే 27 మెగాహెర్ట్జ్ సెట్‌కు ఇదే లెక్కన 2.7 మీటర్లకు పైగా కావాలి. అంత పొడుగు ఊచతో రోడ్డు మీద తిరగడం కష్టం కాబట్టి మొదట్లోనో మధ్యలోనో తీగచుట్ట పెట్టి పొడవు తగ్గిస్తారు. ఆ సౌకర్యానికి బదులుగా కొంత శక్తి వేడిగా పోతుంది.

టాపు రేకు కూడా యాంటెనాలో భాగమే

పావు తరంగం ఊచ ఒంటరిగా పనిచేయదు. దాని కింద పరుచుకున్న లోహపు రేకు మిగతా సగం పాత్ర పోషిస్తుంది. అందుకే యాంటెనాకు మేలైన చోటు టాపు నడిమధ్య. అక్కడ అన్ని దిక్కులకూ రేకు సమానంగా ఉంటుంది, మాట అన్నివైపులకూ సమానంగా పోతుంది. ఓ మూలన పెడితే రేకు ఎటు ఎక్కువుందో అటువైపు బలంగా, మిగతా వైపులకు బలహీనంగా పోతుంది. బానెట్ పక్కన పెడితే క్యాబిన్ అడ్డొస్తుంది. మ్యాన్‌ప్యాక్‌ను కారు లోపలినుంచి వాడితే చుట్టూ ఉన్న లోహం చాలా భాగాన్ని మింగేస్తుంది. అదే సెట్‌కు టాపు మీది యాంటెనా తగిలిస్తే, వాట్లు పెరగకుండానే తేడా తెలుస్తుంది.

రంధ్రమా, అయస్కాంతమా?

టాపుకు రంధ్రం వేసి బిగించే పద్ధతే అన్నిటికన్నా గట్టిది. ఎన్‌ఎంఓ అనే బిగింపుకు 19 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. రేకుకు నేరుగా తగిలి కూర్చుంటుంది, సరిగా బిగిస్తే నీరు దిగదు. రోజూ పనిచేసే పోలీసు, అంబులెన్సు బండ్లకు ఇదే తగినది.

సొంత కారుకు రంధ్రం వేయడానికి మనసొప్పనివారు అయస్కాంతపు అడుగు వాడతారు. పెట్టడం, తీయడం తేలిక. కానీ కింద దుమ్ము చేరితే పెయింటు గీసుకుంటుంది, తలుపు సందులోంచి లాగిన కేబుల్ నలుగుతుంది. అల్యూమినియం బాడీకి, ఫైబర్ టాపుకు అయస్కాంతం అసలు అతుక్కోదు.

డిక్కీ మూత అంచుకు స్క్రూలతో పట్టించే క్లాంపు మరో దారి. దాని స్క్రూ పెయింటును దాటి లోహాన్ని తాకాలి, లేకపోతే ఎర్త్ అందదు. లారీలకు అద్దం రాడ్డుకు బిగించే క్లాంపులున్నాయి. అద్దానికి అతికించే రకమూ ఉంది. అద్దంలో లోహపు పొర ఉన్న సన్‌ఫిల్మ్ ఉంటే అది సరిగా పనిచేయదు. ఫైబర్ పడవలకు కింద రేకు అక్కర్లేని అర తరంగం యాంటెనా ఎంచుకోవాలి.

ముఖం ముందర, ఒళ్లు డిక్కీలో

నేటి కార్ల డాష్‌బోర్డులో ఖాళీ చోటు దొరకదు. దీనికి తయారీదారులు కనిపెట్టిన ఉపాయం విడదీసే ముఖం. డిస్‌ప్లే, బటన్లు ఉన్న భాగం డ్రైవరు ముందు ఉంటుంది. బరువైన, వేడెక్కే పెట్టె సీటు కిందో డిక్కీలోనో కూర్చుంటుంది. రెంటినీ ఒక కేబుల్ కలుపుతుంది. కొన్ని సెట్లలో మైకులోనే బటన్లు, డిస్‌ప్లే ఇమిడిపోయాయి. డాష్‌బోర్డు కింద బిగించేది మాత్రం పాత పద్ధతిలోని ఇంగ్లిషు యూ ఆకారపు ఇనుప పట్టీయే. సెట్‌ను దానిలో పైకీ కిందికీ వంచి ముఖం తిప్పుకోవచ్చు. కార్ స్టీరియో పట్టే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు గల గూట్లో అమరే సెట్లున్నాయి. లారీ క్యాబిన్లలో డ్రైవరు తలపైన అరలోనూ పెడతారు.

ఎయిర్‌బ్యాగ్ దారిలో వద్దు

ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో ఉబ్బుతుంది. దాని దారిలో సెట్‌గానీ మైకు కొక్కెంగానీ ఉంటే అవి మనిషి మీదికి దూసుకొస్తాయి. తయారీదారులు ఇచ్చే పుస్తకంలో ముందు చదవాల్సిన పేజీ ఇదే. రెండువైపుల జిగురు టేపుతో అతికించిన సెట్ ఎండకు వేడెక్కిన కారులో ఊడిపోతుంది. లోహపు పట్టీతో, లోహంలోకి దిగిన బోల్టుతోనే బిగించాలి. వెనకవైపు వేడి వదిలే రెక్కలకు గాలి ఆడేలా ఖాళీ ఉంచాలి. సీటు కింద కార్పెట్ కప్పిన సెట్ వేడెక్కి తనంతట తనే వాట్లు తగ్గించుకుంటుంది.

సిగరెట్ లైటర్ సాకెట్ చాలదు

50 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర 10 నుంచి 12 ఆంపియర్లు లాగుతుంది. లైటర్ సాకెట్ సన్నటి వైర్లు అంత భారం ఎక్కువసేపు మోయలేవు. వోల్టేజి పడిపోయి మాట వణుకుతుంది, వైరు వేడెక్కుతుంది. అందుకే లావుపాటి వైరును నేరుగా బ్యాటరీ నుంచి తేవాలి. ఫ్యూజు ఉండాల్సింది బ్యాటరీ దగ్గర. సెట్ దగ్గర మాత్రమే ఉంటే, మధ్యలో వైరు రేకుకు ఒరుసుకుని షార్టయినప్పుడు ఆపేది ఏదీ ఉండదు. ఇంజిన్ గోడ దాటే చోట రబ్బరు బుష్ తప్పనిసరి. మన లారీలు, బస్సుల్లో చాలావాటికి 24 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. 12 వోల్టుల సెట్‌ను వాటికి నేరుగా కలిపితే కాలిపోతుంది. మధ్యలో కన్వర్టర్ ఉండాలి.

తాళంతో లేచి, తాళంతో నిద్రపోయే సెట్

చాలా సెట్లకు ఇగ్నిషన్‌కు కలిపే సన్నటి వైరు మరొకటి ఉంటుంది. బండి తాళం తిప్పగానే సెట్ ఆన్ అవుతుంది, తాళం తీస్తే ఆగిపోతుంది. రాత్రంతా సెట్ వెలిగి బ్యాటరీ దిగిపోయే బెడద ఉండదు. అంబులెన్సు వంటి బండ్లలో తాళం తీశాక కూడా సెట్ కొంతసేపు వినేలా అమర్చుకోవచ్చు.

మైకు కొక్కెంలో దాగిన స్విచ్

మైకు వేలాడదీసే కొక్కెం ఉత్త మేకు కాదు. చాలా సెట్లలో అది స్విచ్ కూడా. ఒకే చానల్‌ను పలు బృందాలు పంచుకునే చోట ప్రతి బృందానికి 67 నుంచి 254.1 హెర్ట్జ్ మధ్య ఓ మంద్ర స్వరం కేటాయిస్తారు. అది మాటతోపాటే వెళుతుంది, చెవికి వినిపించకుండా సెట్ వడకట్టేస్తుంది. మీ స్వరం ఉన్న కబురుకే మీ స్పీకర్ తెరుచుకుంటుంది. అయితే పక్క బృందం అప్పటికే మాట్లాడుతోందేమో ఎలా తెలియాలి? మైకును కొక్కెం నుంచి తీయగానే ఆ కట్టడి తొలగి, చానల్లో ఎవరున్నా వినిపిస్తారు. విని, ఖాళీ అని తేలాకే మీట నొక్కాలి. ఈ స్వరం గోప్యత కోసం కాదన్నది మరో ముఖ్య సంగతి. కట్టడి తీసేసిన ఏ సెట్ అయినా ఆ మాట వింటుంది.

ఇద్దరూ ఒకేసారి నొక్కితే?

ఎఫ్‌ఎంలో బలమైనవాడి మాట నిలుస్తుంది, బలహీనమైనవాడిది పూర్తిగా మాయమవుతుంది. ఒకరు సాయం కోరి అరుస్తున్నా పక్కనున్న బండి మైకు నొక్కితే వినిపించదు. విమానాలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఇప్పటికీ ఏఎం వాడటంలో ఉన్న లాభం ఇదే. ఇద్దరు పైలట్లు ఒకేసారి మాట్లాడితే కీచుమనే శబ్దం వస్తుంది. మరొకరు ఉన్నారని కంట్రోలర్‌కు తెలుస్తుంది. రోడ్డు మీది సెట్లలో ఎవరి మీటయినా ఇరుక్కుపోయి చానల్ మొత్తాన్ని మూసేయకుండా టైమర్ ఉంటుంది. పెట్టిన గడువు దాటగానే ప్రసారాన్ని కత్తిరిస్తుంది.

ఒకే దారిలో రెండు సంభాషణలు

యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ 2005లో వెలువరించిన డీఎంఆర్ డిజిటల్ పద్ధతి 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒకే చానల్‌ను కాలంలో రెండు ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క 30 మిల్లీసెకన్లు. ఒక ముక్కలో ఒకరు, మరో ముక్కలో వేరొకరు. రెండు సంభాషణలు ఒకదాన్నొకటి తాకకుండా సాగుతాయి. సెట్ సగం సమయమే ప్రసారం చేస్తుంది కాబట్టి కరెంటు ఆదా. ఇలాంటి సెట్లలో జీపీఎస్ ఉంటే బండి ఎక్కడుందో కంట్రోల్ రూము తెరమీద కనిపిస్తుంది. ఆపద బటన్ నొక్కితే ఎవరు నొక్కారో కూడా తెలుస్తుంది.

సముద్రం మీద చానల్ 16

విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల నుంచి వేటకు వెళ్లేవారు గుర్తుంచుకోవాల్సిన అంకె 16. అది 156.8 మెగాహెర్ట్జ్. ప్రపంచమంతటా ఓడలు ఆపదలో పిలిచే చానల్ అదే. ఓడల వీహెచ్‌ఎఫ్ సెట్ 25 వాట్లు ఇస్తుంది, రేవులో మాట్లాడటానికి 1 వాట్‌కు తగ్గించుకోవచ్చు. ఆపద బటన్ ఉన్న సెట్లు చానల్ 70లో పడవ గుర్తింపు సంఖ్యను, జీపీఎస్ కలిపి ఉంటే ఉన్నచోటును కూడా తమంతట తామే పంపుతాయి. ఆ సంఖ్యను ముందుగా సెట్లో ఎక్కించకపోతే ఆ బటన్ పనికిరాదు. పడవలో యాంటెనాకు సరైన చోటు స్తంభం కొన.

రైలింజన్ మాట్లాడుతోంది

రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థకు కూడా ఇంజిన్లో బిగించిన యూహెచ్‌ఎఫ్ సెట్లే ప్రాణం. పట్టాల మధ్య పెట్టిన ట్యాగులను చదివి ఇంజిన్ తానెక్కడుందో తెలుసుకుంటుంది, ఆ సంగతి రేడియోలో స్టేషన్‌కు చెబుతుంది. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలోని గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజిన్లో ఉండగా పరీక్ష జరిగింది. ఎదురుగా ఉన్న ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలో బండి తనంతట తానే ఆగింది. ఇక్కడా బిగింపు సవాలే. ఇంజిన్ టాపు పైనే 25,000 వోల్టుల తీగ ఉంటుంది. కాబట్టి యాంటెనాలు పొట్టిగా, టాపును అంటిపెట్టుకుని ఉండాలి.

సునామీ రోజు హైదరాబాద్ సంస్థ సెట్లు

హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక హామ్ (అభిరుచి రేడియో) బృందం 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది. డిసెంబరు 26న సునామీ వచ్చి మామూలు సంబంధాలు తెగిపోయాక, ఆ బృందం సెట్లే అండమాన్ కబుర్లను బయటికి చేరవేశాయి. వాళ్లు వాడిన షార్ట్‌వేవ్ తరంగాలు పై ఆకాశంలోని అయనావరణాన్ని తాకి తిరిగొస్తాయి కనుక భూమి వంపు వాటికి అడ్డు కాదు. చాలా హామ్ సెట్లు 13.8 వోల్టులతో నడుస్తాయి. అంటే కరెంటు పోయినా కారు బ్యాటరీతో పనిచేస్తాయి. మన దేశంలో 12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాసి హామ్ లైసెన్సు పొందవచ్చు.

క్వారీ దగ్గర సెట్ ఆపేయండి

కరెంటుతో పేల్చే డిటొనేటర్ వైర్లు నేలమీద పరిచినప్పుడు అవే యాంటెనాలుగా మారి దగ్గర్లోని సెట్ శక్తిని గ్రహించగలవు. అందుకే గ్రానైట్ క్వారీల్లో, గనుల్లో పేలుడు జరిగే చోట రెండువైపుల రేడియోలు ఆపమని బోర్డులు పెడతారు. ఆ బోర్డు కనిపిస్తే మైకు వదిలేయడం చాలదు, సెట్‌నే ఆపాలి.

లైసెన్సు లేకుండా బిగించకూడదు

446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి చేతి సెట్లకు మన దేశంలో లైసెన్సు మినహాయింపు ఉంది. 25, 50 వాట్ల వాహనపు సెట్లకు అది వర్తించదు. వాటికి కేంద్ర టెలికం శాఖ అనుమతి, కేటాయించిన ఫ్రీక్వెన్సీ కావాలి. అనుమతి లేని వాకీటాకీలు ఆన్‌లైన్లో అమ్మకుండా 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. ఇది కాగితాల గొడవ కాదు. దారితప్పిన ఒక్క సెట్ అంబులెన్సు చానల్‌ను నోరెత్తనీయకుండా చేయగలదు. 2019 సవరణ తరవాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ బండి నడుపుతూ చేతిలో పట్టుకునే సమాచార పరికరాలు వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగుగా చూస్తోంది. మైకు పక్కసీటువారి చేతికందేలా బిగించడం మేలు.

బిగించాక చివరి పరీక్ష

యాంటెనా సరిగా కుదరకపోతే సెట్ పంపిన శక్తిలో కొంత వెనక్కి వస్తుంది. దాన్ని కొలిచే చిన్న మీటరుంది, అది చూపే అంకెను ఎస్‌డబ్ల్యూఆర్ అంటారు. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 చూపితే 4 శాతం, 2 చూపితే 11 శాతం, 3 చూపితే 25 శాతం వెనక్కి వస్తున్నట్టు. ఎక్కువైతే సెట్ తనను కాపాడుకోవడానికి వాట్లు తగ్గించేస్తుంది. ఈ లోపం దగ్గర్లో మాట్లాడితే బయటపడదు, దూరం వెళ్లాక సెట్ అవసరానికి మొరాయిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్ సేవలు దెబ్బతిన్న సంగతి మనకు తెలుసు. అలాంటి రోజున పలకాల్సిన సెట్‌ను తుపాను కాలానికి ముందే మీటరుతో చూడాలి. కనెక్టర్లో తుప్పు, కేబుల్లో నలుగుడు, ఫ్యూజులో వదులు సరిచేయాలి. ఊరి చివరకు బండి తీసుకెళ్లి కంట్రోల్ రూముతో మాట్లాడి చూడాలి. ఒక్క పూట పని ఇది. ప్రతి స్టేషన్, ప్రతి అంబులెన్సు, ప్రతి బోటు ఏటా ఆ పూట కేటాయించాలి.